రెండో చెవి

గెలిచినవాళ్ల పేరు మార్చేసి చరిత్రను తిరగరాయడం తేలికైన పని. జేబులో పెట్టుకుని తిరిగే పాటల యంత్రాల గురించి కూడా అలాంటి ఊహ ఒకటుంది. సోనీ కంపెనీ 1988లో సీబీఎస్ రికార్డ్స్‌ను కొనుక్కుంది. యంత్రాలు అమ్మేదీ తనే, పాటలు అమ్మేదీ తనే. పాటలు ఎక్కడ దొంగల పాలవుతాయోనన్న భయంతో 1999లో తెచ్చిన మెమరీ స్టిక్ వాక్‌మన్‌లో ఎంపీ3 పాటల్ని నేరుగా పాడనివ్వలేదు. తన సొంత అట్రాక్ పద్ధతిలోకి మార్చుకుంటేనే పాడేవి. 2001 అక్టోబరులో ఆపిల్ వెయ్యి పాటలు పట్టే ఐపాడ్‌ను తెచ్చింది. సోనీ మనసు మార్చుకునేసరికి 2004 వచ్చేసింది. ఆ భయమే లేకపోయుంటే ఐపాడ్‌కి చోటుండేది కాదు, వాక్‌మనే ఏలేది అన్నది ఆ ఊహ.

నాకు ఇందులో పెద్ద ఆసక్తి లేదు. సింహాసనం మీద మనిషి మారాడు, అంతే కదా! నా ఊహ ఇంకా వెనక్కి, ఒక ఇంట్లోకి వెళ్తుంది.

సోనీ స్థాపకుల్లో ఒకరైన అకియో మోరిటా తన ఆత్మకథ ‘మేడ్ ఇన్ జపాన్’లో ఒక సంగతి చెప్పాడు. వాక్‌మన్ నమూనాను ఇంటికి తీసుకెళ్లి రకరకాల సంగీతం వింటూ పరీక్షిస్తుంటే భార్యకి చిరాకు వచ్చిందట. తనని బయటపెట్టి తలుపేసుకున్నట్టు అనిపించిందట ఆమెకి. దాంతో రెండో హెడ్‌ఫోన్‌కి కూడా వీలుండాలనుకున్నాడు. 1979 జులై 1న జపాన్‌లో 33,000 యెన్‌లకు అమ్మకానికొచ్చిన మొదటి వాక్‌మన్‌కి రెండు హెడ్‌ఫోన్‌లు తగిలించుకునే చోటుంది. ఒక నారింజరంగు బటన్ కూడా ఉంది. అది నొక్కితే పాట సద్దుమణిగి, యంత్రానికున్న చిన్న మైకు ద్వారా పక్కవాళ్ల మాట వినబడుతుంది. మొదట్లో వచ్చిన యంత్రాల మీద ఆ రెండు చోట్లకీ ‘గైస్’, ‘డాల్స్’ అని పేర్లు కూడా వేశారు. వినేటప్పుడు కూడా మనం బొమ్మలమే!

ఒక భార్య చిరాకు వల్ల ఒక యంత్రం రూపం మారింది. అయినా దాన్ని ఎవరూ ఆవిష్కరణ అనలేదు. భర్త చెప్పే ముచ్చటగా మిగిలింది. కొన్నవాళ్లేమో ఎవరి యంత్రం వాళ్లదిగానే చూసుకున్నారని మోరిటాయే రాశాడు. క్రమంగా ఆ బటనూ పోయింది, రెండో చోటూ పోయింది.

సరే, ఆమె పక్షాన నిలబడి మాట్లాడదామనుకుంటే నాకు మా వదిన గుర్తొస్తుంది. 1980ల చివర్లో గల్ఫ్ నుంచి వచ్చిన బంధువొకాయన అన్నయ్యకి ఒక వాక్‌మన్ ఇచ్చాడు. అన్నయ్య దాన్ని పెట్టుకుని మంచమ్మీద వాలితే ఇంట్లో ఎవరూ కదిలించేవాళ్లు కాదు. ‘వాడు పాటలు వింటున్నాడు’ అని అమ్మ గొంతు తగ్గించి మాట్లాడేది. మధ్యాహ్నం పూట వదిన పెట్టుకుంటే మాత్రం ఒక చెవికే. రెండోవైపుది వెనక్కి జరిపి జుట్టులోకి తోసేది. ఆ చెవి కుక్కర్ విజిల్‌కి, ఉయ్యాల్లో పిల్లాడికి, నాన్న దగ్గుకి. ‘పిలిస్తే పలకదు’ అనిపించుకోవడం కోడలికి చిన్న నింద కాదు మరి. “రెండు చెవులకీ పెట్టుకోవచ్చుగా వదినా” అన్నానొకసారి. “ఇంకోటి ఇంటిది కదమ్మా” అంది నవ్వుతూ.

ఒకామెకి తలుపు మూసేశారన్న బాధ. ఇంకొకామెకి మూసుకోవడానికి తలుపే లేదు. ఈ రెండు కష్టాలూ ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి గానీ, నా మటుకు నాకు రెండింటి వేరూ ఒకటే. ఇంట్లో ఎవరికి వినబడకపోయినా ఫరవాలేదు, ఎవరు ఎప్పుడూ వింటూనే ఉండాలి? అందుకే నాకు ఆ నారింజరంగు బటన్ ఇష్టం. అది వింటున్న మనిషి చేతిలో ఉంటుంది. లోకాన్ని ఎప్పుడు లోపలికి రానివ్వాలో ఆ మనిషే నిర్ణయించుకుంటుంది.

కంపెనీలు దాని మీద పోటీ పడి ఉంటే? ఎన్ని పాటలు పడతాయన్న లెక్కకి బదులు ఎంతమంది కలిసి వినొచ్చు, కావాలన్నప్పుడు ఎంత ఒంటరిగా ఉండొచ్చు అన్న లెక్క సాగేది. 2006 నవంబరులో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ‘జూన్’ అనే యంత్రం కాస్త ఆ దారిలోకి వచ్చింది. తీగ లేకుండానే పక్కవాళ్ల యంత్రానికి పాట పంపొచ్చు. కానీ అలా అందిన పాట మూడుసార్లు వినగానే, లేదా మూడు రోజులు గడవగానే మూగబోయేది. పంచుకోవడానికీ గడువే! 2011లో ఆ యంత్రాన్ని ఆపేశారు. 2022లో ఐపాడ్ కథా ముగిసింది.

2019లో వచ్చిన ఎయిర్‌పాడ్స్ ప్రోలో, కావాలనుకుంటే బయటి శబ్దాల్ని చెవిలోకి రానిచ్చే ఏర్పాటు ఉంది. అంటే నలభై ఏళ్లకి నారింజరంగు బటన్ మరో రూపంలో తిరిగొచ్చినట్టే. అయితే ఈ రోజుకీ మన ఇళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు ఒక చెవికే పెట్టుకుని వంట చేసుకోవడం చూస్తున్నాను. బటన్ చేతికొచ్చింది గానీ, దాన్ని నొక్కకుండా ఓ గంట కూర్చునే వీలు రాలేదు. నా ప్రత్యామ్నాయ చరిత్రలో సోనీ గెలిచినా, ఆపిల్ గెలిచినా ఒకటే. ఆ గంటసేపు కుక్కర్ విజిల్ ఇంకెవరో లెక్కపెట్టాలి.