కాలువగట్టు బాట



లోకములో మిక్కిలి భయంకరములైన బాటలేవి యని యడిగినచో ప్రతివారును కొండలవైపే వ్రేలు చూపుదురు. దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశమున లాపాజ్ నగరమునుండి కొరోయికో యను నూరికి దిగు పాతదారి వీనిలో పేరుమోసినది. 1932 మొదలు 1935 వరకు జరిగిన చాకో యుద్ధములో పట్టుబడిన పరాగ్వే సైనికులచేత కొండ తొలిపించి దీనిని వేయించిరి. వెడల్పు పెక్కుచోట్ల మూడు మీటర్లే. ఒక ప్రక్క నిట్టనిలువు కొండ, రెండవ ప్రక్క అగాధము, నడుమ పొగమంచు. 1983 జూలైలో ఒక్క బస్సు లోయలో పడి నూరుగురికి పైగా మరణించిరి. 2006లో వేరొక క్రొత్తదారి తెరచిన పిదప బరువుబండ్లన్నియు దానిమీదికి మరలినవి.

ఆ దారిని గూర్చి చదివినప్పుడు నా మనస్సున నాటినది లోయ లోతు గాదు. అచ్చటి వారి యొక నియమము. బొలీవియాలో బండ్లు కుడిప్రక్కను పోవును. ఈ యొక్క దారిలో మాత్రము ఎడమప్రక్కను పోవలెను. వారి బండ్లలో చోదకుడు ఎడమవైపున గూర్చుండును గనుక, దిగుచున్న వాడు లోయ యంచును, తన చక్రమును కంటితో జూచుచు నడుపగలడు. ఎక్కు బండికి దిగు బండి దారి యియ్యవలెను. చూడుడు, అంచు కంటికి గనబడుటయే వారు తమ ప్రాణములకు వేసికొనిన కాపు!

మన కృష్ణాడెల్టాలో కొండలు లేవు. బెజవాడలో ఇంద్రకీలాద్రి కలదు. దాని ఘాటురోడ్డుపై వర్షాకాలమున రాళ్లు దొరలుటయు గలదు. కొండకును కృష్ణకును నడుమ నిరుకుగా బోవుచుండిన రాజమార్గమునకు పైన 2020 అక్టోబరు 16వ తేదీన వంతెనదారి తెరచిరి. ఆ వారమునందే, శరన్నవరాత్రులలో, అక్టోబరు 21న కొండచరియ విరిగి పడెను. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురమున కొండరాళ్లు ఇండ్లమీద బడి ప్రాణములు పోయినవి. అయినను ఇవి బెజవాడతో సరి. ఊరు దాటి తూర్పునకు బోయితిమా, కనుచూపు మేర అరచేతివలె చదునైన నేల. ఇట్టి చోట బాటవలన భయమేమి యని మీరందురు. అచ్చముగా ఆ మాటయందే ప్రమాదమున్నదని నాకు తోచుచున్నది.

ఈ సీమలోని బాటలు చాలవరకు బాటలుగా బుట్టినవి గావు. 1855లో కృష్ణానది కానకట్ట పూర్తియైన తరువాత ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మొదలగునవి సాగినవి. కాలువ త్రవ్విన మట్టిని ఇరుప్రక్కల బోసిరి, అది గట్టైనది. ఆనాడు రాకపోకలన్నియు పడవలమీదనే. కాకినాడనుండి ఏలూరు, బెజవాడలమీదుగా, కొమ్మమూరు కాలువయు, బకింగుహాము కాలువయు పట్టుకొని చెన్నపట్టణమువరకు పడవలో బోవ వీలుండెడిది. గట్టు వేసినది నీటిని ఆపుటకును, తాడు భుజమున వేసికొని పడవ లాగు మనుష్యుడు నడచుటకును మాత్రమే. పిమ్మట గట్టుపై నెద్దుబండి నడచినది, దాని వెనుక మోటారు వచ్చినది. కంకర పడినది, తారు పడినది. కాని గట్టు గట్టుగానే యున్నది. కాలువ యెచ్చట వంపు తిరిగెనో బాటయు నచ్చటనే తిరుగును. నీటికి మలుపులో వేగము తగ్గించుకొనుమని యెవ్వరును చెప్పనక్కరలేదు గదా!

మన నల్లరేగడి స్వభావము గృహిణులకు క్రొత్తగా జెప్పనక్కరలేదు. గోడలు బీటలు వారినప్పుడెల్ల దానిని తలచుకొనుచునే యుందుము. తడిసిన నుబ్బును, ఎండిన కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. గట్టుపై తారుబాట అలలు అలలుగా నుండుటకు కారణమిదియే. ఇంకొక రహస్యము గలదు. కాలువ నిండుగా బారుచున్నంత కాలము నీటి బరువు గట్టును ప్రక్కనుండి ఒత్తిపట్టుకొని యుండును. వేసవికి కాలువ కట్టివేయగా నీరు తటాలున దిగిపోవును. మట్టిలోపలి తడి మాత్రము అంత త్వరగా దిగదు. ఆనుకొనుటకు నీరు లేక, లోపల బరువు తగ్గక, గట్టు జారును. పైకి తారు చక్కగనే కనబడుచుండును. దాని యంచు క్రింద మన్ను లేదు. ఎదురుగా వచ్చు ట్రాక్టరుకు దారి యిచ్చుటకై కారును ప్రక్కకు దించినవానికి ఆ సంగతి చక్రము దిగిన పిదప గాని తెలియదు. బొలీవియా చోదకునికి గనబడు నంచు మనవానికి కనబడదు. దానిని గడ్డియు, తుమ్మకొమ్మలును కప్పియుండును.

మొన్న మాఘమాసమున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనమునకు మేము కరకట్టమీదుగా బోయితిమి. బెజవాడనుండి యనమలకుదురు, తోట్లవల్లూరుల మీదుగా నది వెంబడి సాగు నీ బాటకంటె నందమైన బాట మన సీమలో లేదని నా యభిప్రాయము. కుడిచేత కృష్ణయు, ఇసుకతిన్నెలును, అరటితోటలు నిండిన లంకలును. ఎడమచేత క్రిందుగా పసుపు, చెరకు, వరి. శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కోవెల యీ గట్టు చెంతనే యున్నది. కృష్ణదేవరాయలకు స్వామి కలలో గనబడి ఆముక్తమాల్యదను జెప్పుమని యాజ్ఞాపించిన క్షేత్రమిదియే. చిన్ననాడు తండ్రిగారివద్ద ఆ కావ్యము చదువుకొనిన నాకు ఆ గోపురము కనబడగానే చేతులు జోడింపబడినవి. మా చోదకుడును భక్తుడే గాబోలు, చక్రము వదలి రెండు చేతులును జోడించెను! నా ప్రక్కనున్న వృద్ధురాలు, "నాయనా, నీ దండము కూడ మేమే పెట్టెదము, నీవు బండి పట్టుకో" అనినది. బండిలో నందరము నవ్వితిమి గాని, ఆమె మాట నవ్వులాట గాదు.

ఈ బాటలకు ఋతువు ఋతువున కొక యాపద. కార్తిక మార్గశిరములలో కోత యంత్రములు పొలమున దిగిన పిదప ధాన్యము ఆరబోయుటకు కళ్లము చాలక రైతులు రోడ్డునే కళ్లము చేసికొందురు. సగము బాట ధాన్యపురాశి. దాని యంచున జనులు తొక్కకుండ రాళ్లు పేర్తురు. రాత్రివేళ ఆ రాళ్లు చీకటిలో గలిసిపోవును. రైతును నిందింప నా మనసొప్పదు. వానకు తడిసిన గింజ మొలకెత్తిన అతని యేడాది కష్టము పోవును. ధనుర్మాసపు తెల్లవారుజామున కాలువనుండి మంచు లేచి పాలవలె బాటను గప్పును. పెద్ద దీపములు వెలిగించిన కొలది ఆ వెలుగు మంచు తగిలి కన్నులలోనే పడును. దీపమును క్రిందికి దించుకొని మెల్లగా నడిచినవారికే దారి తెలియును.

ఇవి యన్నియు బాటయందలి దోషములు. వీనికి మించినదొకటి మన యిండ్లలో బుట్టుచున్నది. దానిని జెప్పుటకే ఈ వ్యాసమునకు గడంగితిని.

మన పెండ్లి ముహూర్తములు పెక్కు రాత్రివేళవి. మగపెండ్లివారు సాయంకాలము బయలుదేరి, అర్ధరాత్రి తలంబ్రాలు చూచి, వేకువజామున మరల బండి యెక్కుదురు. ఉదయమే బడులు, కార్యాలయములు ఉన్నవందురు. బండిలో స్త్రీలు, పిల్లలు, నగలపెట్టె; అందరును అలసి ఒకరిమీద నొకరు వ్రాలి నిద్రింతురు. మేలుకొని యుండవలసిన వాడొక్కడే. వాడు ముందటి రాత్రి వేరొక పెండ్లికి బండి నడిపి వచ్చియుండును. ఆ సంగతి యడిగినవారెవరు? విడిదింట బంధువులందరికి మంచములు, దుప్పట్లు లెక్కవేసి పంచుదుము గాని, చోదకునికి పక్క వేసిన యిల్లు నేనింతవరకు ఒక్కటే చూచితిని. కడపంక్తిలో చల్లారిన యన్నము పెట్టి, బాజాలమ్రోతలో బండిలోనే పడుకొమ్మందుము. తెల్లవారుజామున మూడు మొదలు అయిదు గంటలవరకు నిద్ర మనుష్యుని మీద దొంగవలె వచ్చిపడును. కన్ను తెరచియున్నను చూపుండదు. గంటకు అరువది కిలోమీటర్ల వేగముతో బోవు బండి, రెండు క్షణములు రెప్ప పడినంతలో ముప్పది మీటర్లు దాటిపోవును. కాలువగట్టు వంపునకు ముప్పది మీటర్లక్కరలేదు, మూడు చాలును.

గట్టే కానక్కరలేదు. 2017 ఫిబ్రవరి 28న తెల్లవారుజామున నందిగామ సీమలోని ముండ్లపాడు వద్ద, విశాలమైన రాజమార్గముననే, ఒక బస్సు రెండు వంతెనల నడిమి సందులో గూలి పదిమందికి తక్కువగాకుండ మరణించిరి. విడిదింటిలో ఒక చాప, ఒక దిండు, నాలుగుగంటల నిశ్శబ్దము. దీనికి పురోహితునితో గాని మగవారితో గాని యాలోచన చేయనక్కరలేదు. మన చేతిలోనిది.

ఇక బండి నీటబడినచో నేమి చేయవలెనో యొక్కమాట వ్రాయుదును. అపశకునమని పుట త్రిప్పివేయకుడు. బండి పడగానే మునుగదు, కొద్దిసేపు తేలును. ఆ కొద్దిసేపే ప్రాణము. తలుపు తెరువ ప్రయత్నింపరాదు. బయటి నీటి యొత్తిడికి అది కదలదు, కదలినచో నీరు ఒక్కమాఱు లోనికి వచ్చును. నడుముపట్టీ విప్పి, ప్రక్క అద్దమును వెంటనే దింపవలెను. విద్యుత్తుతో బనిచేయు నద్దములు సాధారణముగా మొదటి క్షణములలో దిగును, తరువాత మొరాయించును. దిగకున్న ప్రక్క అద్దమునే మొనగల యినుప వస్తువుతో మూలగా గొట్టవలెను. ముందరి అద్దము అతుకుల అద్దము, పగిలినను ఊడదు. పిల్లలను ముందుగా బయటికి త్రోసి తాము వెడలవలెను. ఫోను చేయుట, సంచి వెదకుట, అన్నియు గట్టెక్కిన తరువాత.

బాటమీదికి నీరే వచ్చిన సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగరు మునిగినప్పుడు, ప్రకాశము బ్యారేజివద్ద పదునొకండు లక్షల నలుబదిమూడువేల క్యూసెక్కుల ప్రవాహము పోయినప్పుడు, ఆ నీరు కొల్లేటికి జేరి ఏలూరు కైకలూరు బాటను గప్పెను. చప్టాపై అడుగు నీరే గదా యని చిన్న కారును దింపువా రున్నారు. పారు నీరు అడుగు లోతున్న చిన్నబండిని ప్రక్కకు నెట్టగలదు, రెండడుగులైన పెద్దబండిని తేల్చును. ఫ్రాన్సు దేశమున నువార్ముతియె ద్వీపమునకు బోవు గువా యను దారి నాలుగు కిలోమీటర్లకు పైబడినది. దినమునకు రెండు మారులు సముద్రము దానిని ముంచును. పోటు వేళలు బల్లపై వ్రాసియుంతురు. అయినను చిక్కుకొను తొందరపాటువారికై నడుమ నడుమ ఎత్తైన స్తంభములు, వానిపై నెక్కి కూర్చుండుటకు తావులు నిర్మించిరి. బండి మునుగును, మనుష్యుడు స్తంభముపై నిలుచును. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి మన దివిసీమ వారికి అట్టి స్తంభమైనను లేకపోయెను. తాడిచెట్టు పట్టుకొని బ్రతికినవారు తమ కథను మనుమలకు జెప్పుచున్నారు. సహాయము తెచ్చువారికి బాట యేదియో పొలమేదియో తెలియలేదట.

ఆ దివిసీమలోనే నాగాయలంక దాటిన పిదప ఏటిమొగ యొద్ద బాట కృష్ణలోనికి దిగి ఆగిపోవును. అవతలి యెదురుమొండికి పంటుపై దాటుట అచ్చటివారికి తరతరముల వాడుక. అచ్చట నొక పద్ధతి చూచితిని. కారు పంటుమీది కెక్కకమునుపే స్త్రీలను పిల్లలను దింపివేయుదురు. చోదకు డొక్కడే మెల్లగా నెక్కించును. చక్రములకు ముందు వెనుక దుంగలు పెట్టుదురు. ఎవరిని ఎవరును తొందరపెట్టరు. మాతో వచ్చిన యొక పట్టణపు టామె ఎండలో దిగి నిలుచుటకు విసుగుకొనగా, పంటువాడు తాడు సవరించుకొనుచు, "ఏటికి తొందర లేదమ్మా, కూర్చోండి, ఆ చెట్టు నీడ మీకోసమే" అనెను.