టార్నీట్‌లో పది సెంట్లు

మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో మా అబ్బాయి ఇంట్లో రెండు నెలలున్నా. స్థలం 400 చదరపు మీటర్లు, అంటే దాదాపు పది సెంట్లు. చూడ్డానికి ఇటుక ఇల్లే. కానీ బరువు మోసేది లోపలి చెక్క ఫ్రేమండీ, ఇటుక బయట ఒక్క వరసే!

ఇంటి ముందు రోడ్డు పక్కన గడ్డి పట్టీ ఉంటుంది, నేచర్ స్ట్రిప్ అంటారు. స్థలం కౌన్సిల్‌ది, కోత మనది. కోసిన పచ్చగడ్డి చెత్తడబ్బాలో పోస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. వీధంతా వెతికినా ఒక్క గేదె లేదు.

పెరట్లో పార వేసి చూశా. మన రేగడిలాగే వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిచ్చే జిగట మట్టి, కింద నల్లరాయి. అందుకే మట్టి పరీక్ష చేశాకే పునాది వేస్తారట. ఒకప్పుడు ఇక్కడ గొర్రెలు మేసేవి. 2015లో రైల్వే స్టేషన్ వచ్చింది. ఇప్పుడు ఎటు చూసినా ఇళ్ల కప్పులే. సాయంత్రం నడకకి పోతే తెలుగు మాటలు వినపడతాయి, అదొక్కటే ఊరట.

కోడలు కరివేపాకు కుండీని చలికి ఇంట్లోకి లాగుతుంటే అబ్బాయి అడిగాడు: "ఊళ్లో రెండెకరాలు అమ్మేసి ఈ లోన్ తీర్చేద్దామా నాన్నా?"

ఇంకా ఏం చెప్పలా. మీ పిల్లలు అడిగితే మీరేమన్నారు?