మేలట్టూరులో ఒక రాత్రి



ఈసారి పాఠ్యప్రణాళికలను, పరీక్షలను కొంచెం పక్కన పెట్టి, తీరికగా గడిపిన ఒక రోజును గురించి మీతో ముచ్చటించాలని ఉన్నది. 2019 మే నెలలో, వేసవి సెలవులలో, తంజావూరులో ఉన్న నా చిరకాల మిత్రుని ఇంటికి వెళ్ళాను. ఆయనా మనవలెనే తెలుగు పంతులు. శిక్షణ పొందిన రోజులలో ఇద్దరమూ ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆయన నన్ను "ఏమయ్యా" అంటారు. రెండేళ్ళు చిన్నవాణ్ణి కనుక నేను "అన్నా" అనే పిలుస్తాను. నృసింహ జయంతి నాటి రాత్రి మేలట్టూరులో ప్రహ్లాద చరిత్ర నాటకం చూపిస్తానని ఆయన పదేళ్ళుగా పిలుస్తూనే ఉన్నారు. నేను ఏదో ఒక సాకు చెబుతూనే ఉన్నాను.

హోసూరులో రాత్రి బస్సెక్కి తెల్లవారిన తరువాత ఇల్లు చేరాను. వదినగారు ఇత్తడి డబరాలో నురుగు తేలే కాఫీ ఇచ్చారు. "రాత్రంతా మేలుకోవాలి, ఇప్పుడే నిద్రపోండి" అని ఆజ్ఞాపించారు. నేను నిద్రపోలేదు. వంటింటి నుండి వచ్చే వాసనలు నిద్రపోనివ్వలేదు.

ఆ భోజనాన్ని గురించి కొంత చెప్పక తప్పదు. అరటాకు మీద ముద్దపప్పు, నెయ్యి, అరటికాయ వేపుడు, మామిడికాయ పచ్చడి, ఆపైన ఉస్తికాయల వత్తలు వేసిన పులుసు. ఆ పులుసును వీధిలో అందరూ వత్తకుళంబు అంటారు. ఈ ఇంటిలో మాత్రం తరతరాలుగా అది ఉస్తికాయ పులుసే. రాగిసంకటి తిని పెరిగిన నాకు ఆ సన్నబియ్యపు అన్నం మొదట చప్పగా తోచింది కాని, పులుసు పడిన తరువాత మూడుసార్లు వడ్డించుకున్నాను. చివరన తిరువయ్యారు నుండి తెప్పించిన అశోకా హల్వా. పెసరపప్పుతో చేసే ఆ హల్వాను మీలో తంజావూరు ప్రాంతం వారు ఎరుగుదురు. ఎరుగని వారు ఎరగవలసిందే.

భోజనాల నడుమనే నేనొక తప్పు చేశాను. మిత్రుని మనుమరాలు, తొమ్మిదేళ్ళ పిల్ల, మాకు వినిపించడానికని త్యాగరాజస్వామి వారి కీర్తన ఒకటి పాడింది. చక్కగా పాడింది. ఆమె ఒడిలోని నోటుపుస్తకం వైపు చూశాను. కీర్తన అంతా తమిళ లిపిలో ఉన్నది. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కదా. ఆ తేడా తెలియడానికి అక్షరాల పక్కన 2, 3, 4 అని చిన్న చిన్న అంకెలు వేసి ఉన్నాయి. సంగీత పుస్తకాలలో ఆ పద్ధతి ఉన్నదని నేనెరుగుదును. అయినా ఆ ఇంటిలో చూసేసరికి ఉండబట్టలేక, "ఏమన్నా! ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పిన నీ ఇంటిలోనే తెలుగుకు ఈ గతి పట్టిందా?" అనేశాను.

ఆయన జవాబు చెప్పలేదు. మజ్జిగ పోయమని ఆకు వైపు చూశారు. వదినగారు పోశారు. పిల్ల పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం వరకు మా ఇద్దరి మధ్య మాటలు పొడిపొడిగానే సాగాయి. ఎండ చల్లారిన తరువాత మేలట్టూరుకు బయలుదేరాం. దూరం ఇరవై కిలోమీటర్ల లోపే. తంజావూరు నాయక రాజు అచ్యుతప్ప 510 కుటుంబాలకు ఈ గ్రామాన్ని దానం చేశాడని పరంపరగా చెబుతారు. ఇక్కడి భాగవత మేళ నాటకాలను రచించిన మేలట్టూరు వేంకటరామశాస్త్రి త్యాగరాజస్వామికి సమకాలికుడు. ఉషాపరిణయం, హరిశ్చంద్ర, మార్కండేయ చరిత్ర, ఇవన్నీ ఆయనవే, అన్నీ తెలుగే. పాశ్చాత్యులు ఒపేరా అని గొప్పగా చెప్పుకునే సంగీత నాటకం కావేరి ఒడ్డున మన భాషలో ఉన్నదని మన పాఠ్యపుస్తకాలలో ఎన్ని చెబుతున్నాయి? సరే, ఆ మాట మరొకసారి.

వరదరాజస్వామి ఆలయం ఎదుట వీధిలోనే రంగస్థలం. రాత్రి బాగా ప్రొద్దుపోయిన తరువాత కోణంగి, అనగా విదూషకుడు, గంతులు వేస్తూ వచ్చి సభను నిశ్శబ్దంగా ఉండమన్నాడు. పిమ్మట గణపతి ముఖం ధరించిన చిన్న పిల్లవాడు. ఆ తరువాత ఒక్కొక్క పాత్రకూ ప్రవేశ దరువు. స్త్రీ పాత్రలనూ పురుషులే ధరిస్తారు. లీలావతిగా వచ్చిన వ్యక్తి కొడుకు కోసం విలపించినప్పుడు నా పక్కన కూర్చున్న తమిళ ముదుసలి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. ఆమెకు తెలుగు రాదు, అడిగి తెలుసుకున్నాను.

ప్రహ్లాదుడు నోరు తెరిచిన దగ్గర నుండి నేను ఆ పిల్లవాని ఒత్తులనే వింటూ కూర్చున్నాను. ఉపాధ్యాయుని జబ్బు అది. ధ ధగానే పలికింది, భ భగానే పలికింది. నా తరగతిలో ధకారాన్ని ముత్యంలా వ్రాసే పిల్లలున్నారు. చదవమంటే అందరూ దకారమే పలుకుతారు. వంతపాట వారి వెనుక నిలబడిన ఒక యువకుని చేతిలో పుస్తకం కనిపించింది. విరామ సమయంలో అడిగి చూశాను. తమిళ లిపి. పక్కన అంకెలు. "ఇంటిలో మాది తమిళమే, సార్. ఇది మాత్రం తాతగారి నుండి" అన్నాడతడు తమిళంలో.

తెల్లవారుజామున ఆలయం నుండి నరసింహుని ముఖం వచ్చింది. దానిని వేషం సామాగ్రిగా చూడరు, దైవంగానే పూజిస్తారు. ధరించేవారు ఉపవాసం ఉంటారు. హిరణ్యకశిపునికీ ఆయనకూ మధ్య మనుషులు నిలబడి ఇరువురినీ పట్టుకోవలసి వచ్చింది. ఆ ఘట్టాన్ని నేను వర్ణించబోను. మీరు వెళ్ళి చూడండి.

తిరుగుదారిలో ఒక కాఫీ కొట్టు దగ్గర ఆగాం. "అన్నా, నిన్న పిల్ల ఎదుట అలా అనకుండా ఉండవలసింది" అన్నాను.

"ఆ అంకెలు వేసిచ్చింది నేనేనయ్యా" అన్నారాయన. "మా బడిలో తెలుగు విభాగం ఎత్తివేసిన తరువాత రెండేళ్ళు ఇంటి దగ్గర అక్షరాలు నేర్పబోయాను. పలక చూస్తేనే పారిపోయేది. పాట అంటే వచ్చి కూర్చున్నది. ఏం చేయమంటావు?"

ఏమీ చెప్పలేకపోయాను. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి నుండి తమిళం నిర్బంధమై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున సాగి 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. మన పిల్లలు తమిళ లిపి ఎలాగూ నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా. ఆ లిపిలో తెలుగు వ్రాసుకుంటే అది తెలుగుకు ద్రోహమని నేను నమ్ముతూ వచ్చాను. ఇప్పటికీ పూర్తిగా మానలేదు. లిపి లేకపోతే రేపు ఆ పిల్ల ఒక కథల పుస్తకమైనా తానై తెరువలేదు కదా!

బయలుదేరే ముందు ఆ అమ్మాయి నోటుపుస్తకం తెచ్చి, చివరి పుటలో తన పేరు తెలుగులో వ్రాసిమ్మన్నది. వ్రాసిచ్చాను. క్రింద నాలుగుసార్లు దిద్దింది. అంతకు మించి ఏమీ అడగలేదు. నేనూ నోరు మూసుకున్నాను.

జూన్‌లో బడి తెరిచాక మొదటి నెల పలక పట్టించలేదు. పద్యాలు, పాటలు, ఒత్తులు పలకడం, అంతే. మూడవ వారంలో ఒక తండ్రి వచ్చి, నోటుపుస్తకం ఖాళీగా ఉన్నదేమిటని నిలదీశారు. కొడుకును పిలిచి పద్యం చెప్పమన్నాను. చెప్పాడు. ఆయన శ్రద్ధగా విని, "బాగుంది మాస్టారూ, వ్రాయడం ఎప్పుడు మొదలు?" అన్నారు.

వచ్చే నెల అని చెప్పాను.