పద్యం మధ్యలో తెగితే

పాట తెగినా సరిపెట్టుకోవచ్చు, పల్లవి మళ్ళీ వస్తుంది. పద్యం తెగితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. నాలుగో పాదం అయిపోయి ఘంటసాల రాగం అందుకుని అలా పైకి వెళుతుంటే, సరిగ్గా అక్కడ టక్కుమని ఆగిపోతుంది. కాసేపటికి ఇంకెక్కడో మొదలవుతుంది. పుష్పవిలాపం అలా వినడం కంటే వినకపోవడమే నయం. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన మనిషి గొంతు ఆయన పుట్టిన సీమలోనే ఇలా ముక్కలై వినపడటం నేను ఓర్చుకోలేను.

పాటంటే ప్రాణం పెట్టే మావాళ్ళు కొందరు ఫోను, బ్లూటూత్ పక్కన పెట్టేశారు. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు మీద, డిజిటల్ పాటను శబ్ద సంకేతంగా మార్చే డాక్ బోర్డు బిగించి, మెమరీ కార్డులో వోల్యుమియో, పైకోర్‌ప్లేయర్ లాంటి పాటల సాఫ్ట్‌వేరు ఎక్కించి, ఇంట్లో ఉన్న పాత ఆంప్లిఫయరుకు తగిలించుకుంటున్నారు. మంచి పని. తక్కువ ఖర్చులో అంత శుభ్రమైన శబ్దం మరోలా రాదు. కానీ ఆ పెట్టెలో ఏ చిన్న తేడా వచ్చినా అందరి నోటా ఒకటే మాట: "ఆ ఎస్‌ఎంపీఎస్ అడాప్టరు తీసేసి లీనియర్ సప్లై పెట్టండి." పాట తెగినా అదే మందు, గుయ్యిమన్నా అదే మందు, పెట్టె అసలు లేవకపోయినా అదే మందు. నా కోపమంతా ఈ మాట మీదే.

లీనియర్ సప్లైలో గుణం లేదని నేననను. ఎస్‌ఎంపీఎస్, అంటే మామూలు స్విచింగ్ అడాప్టరు, పుట్టించే హైఫ్రీక్వెన్సీ రొద అందులో ఉండదు. అయితే అది గోడలో కరెంటు నిలకడగా ఉన్న ఊళ్ళ వస్తువు. మన దగ్గర లెక్క వేసి చూడండి. 230 వోల్టులకు 9 వోల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మరు పెట్టారు. డయోడ్లు దాటి కెపాసిటరు మీదికి వచ్చేసరికి 11 వోల్టుల పైచిలుకు ఉంటుంది. అది 5 వోల్టులు కావాలి, మిగిలిన 6 వోల్టులు వేడిగా పోవాలి. బోర్డు 2 ఆంపియర్లు లాగితే 12 వాట్ల వేడి. మే నెలలో బందరులో ఆ హీట్‌సింకు మీద చెయ్యి పెట్టలేం. సరే, వేడిని భరిద్దాం. సాయంత్రం వోల్టేజి 180కి పడిందనుకోండి. ఆ 9 కాస్తా 7 అవుతుంది. డయోడ్లు దాటాక ఎనిమిదిన్నర కూడా మిగలదు. 10,000 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఉన్నా 2 ఆంపియర్ల దగ్గర మరో 2 వోల్టులు కిందికీ పైకీ ఊగుతుంది. మామూలు రెగ్యులేటరు పని చేయాలంటే కనీసం 7 వోల్టులు అందాలి. అడుగున అందేది ఆరున్నర లోపే. ఇక ఆ 5 వోల్టులు నిలబడవు. అదే 100 నుంచి 240 వరకు అని రాసి ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్ అయితే 180 దగ్గర చలించదు.

180కి ఎందుకు పడుతుందని ఇక్కడివాళ్ళు అడగరు. గుడివాడ నుంచి కైకలూరు దాకా చేపల చెరువులు, ఇటు నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు. చీకటి పడ్డాక నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఏరేటర్లు తిప్పక తప్పదు. ఆ మోటార్లన్నీ ఆ లైన్ల మీదే తిరగాలి. రైతుది ప్రాణావసరం, ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మన పెట్టెనే ఆ కరెంటుకు తట్టుకునేలా కట్టుకోవాలి.

ఈ సంగతి పాతకాలం మెకానిక్కులకు బాగా తెలుసు. మా చిన్నప్పుడు బందరు కోనేరు సెంటరు దగ్గర ఒక రేడియో మెకానిక్కు ఉండేవారు. ఇంటికి పిలిస్తే ముందు సెట్టు విప్పేవారు కాదు. గోడకున్న ప్లగ్గులో మీటరు పెట్టి, ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, "దీనికేం రోగం లేదండీ, కరెంటుకే నీరసం" అనేవారు. తర్వాత ఏరియల్ తీగ ముడి విప్పి, పట్టిన చిలుము గరుకు కాగితంతో గీకి, మళ్ళీ బిగించేవారు. ఎంత డబ్బు తీసుకునేవారో గుర్తులేదు గాని, వెళ్ళేముందు డయలు తిప్పి విజయవాడ కేంద్రం పెట్టి, అది సూటిగా పలికేదాకా కదిలేవారు కాదు. వాల్వులు వేడెక్కేదాకా అందరం ఆ పచ్చని దీపం వైపే చూస్తూ కూచునేవాళ్ళం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి చేతిలో ఆ కేంద్రం పాటకు ఎంత చేసిందో చెప్పాలంటే అదొక పుస్తకం. తెల్లవారి భక్తిరంజని వస్తుంటే వీధి ఈ చివర మొదలైన పాట ఆ చివరి ఇంటిదాకా నడుస్తూనే వినగలిగేవాళ్ళం. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టి మరీ విన్నాం. అప్పుడు శబ్దంలో గరగరలుండేవి, నిజమే. పద్యం మాత్రం మధ్యలో తెగేది కాదు.

చిలుము సంగతి ఇప్పటికీ అంతే. సముద్రపు గాలి ఆర్‌సీఏ పిన్నునీ వదలదు, డాక్ బోర్డు కూచునే ఆ 40 పిన్నుల వరసనీ వదలదు. ఒక చానల్ వచ్చి పోతుంటే పెట్టె ఆపి, బోర్డు ఊడదీసి, కాంటాక్ట్ క్లీనరు కొట్టి మళ్ళీ నొక్కి పెట్టండి. చాలాసార్లు అంతటితో తీరుతుంది.

ఇంకో దొంగ, తీగ. అడాప్టరు మంచిదే కొంటారు, దానికి ఫోను ఛార్జింగు తీగ తగిలిస్తారు. 2 మీటర్ల తీగంటే కరెంటు పోనూ రానూ 4 మీటర్ల రాగి. 28 గేజి అయితే నిరోధం సుమారు 0.85 ఓం. ఒక్క ఆంపియరు పారితే 0.85 వోల్టు తీగలోనే పోతుంది, బోర్డుకు 4.15 అందుతుంది. 4.63 కంటే తగ్గితేనే ఆ బోర్డు వోల్టేజి చాలడం లేదని హెచ్చరిక రాస్తుంది. దాని సొంత అడాప్టరును 5.1 వోల్టులకు చేసి, తీగను విడదీయకుండా ఇచ్చింది అందుకే. బోర్డును 'vcgencmd get_throttled' అని అడిగి చూడండి. 0ఎక్స్0 అని వస్తే సప్లైని నిందించకండి. 0ఎక్స్50000 అని వస్తే, ఇప్పుడు బాగానే ఉన్నా, ఆన్ చేశాక ఎప్పుడో ఒకసారి వోల్టేజి పడిందనీ, బోర్డు వేగం తగ్గించుకుందనీ అర్థం.

సప్లై తప్పు కాదని తేలితే, తెగే పాటనే కార్డులోకి ఎక్కించి వినండి. ఇప్పుడు తెగకపోతే లోపం వైఫైది. రౌటరు నుంచి ఈథర్‌నెట్ తీగ లాగండి, లేదంటే వైఫై పవర్ సేవింగ్ ఆపేయండి. ఈథర్‌నెట్ తీగ మీద విన్నా తెగితే, అది పాత రాస్ప్‌బెరీ పై 3 అయి, దానికి యూఎస్‌బీ డాక్ ఉంటే, ఈథర్‌నెట్టూ యూఎస్‌బీ ఒకే దారిన వెళ్ళే బోర్డు అదని గుర్తుపెట్టుకోండి. అప్‌డేట్ చేశాక డాక్ బోర్డు కనపడకపోతే కాన్ఫిగ్ ఫైల్లో దాని ఓవర్‌లే వరస ఉందో లేదో చూడాలి. తెగకుండా గుయ్యిమంటూనే ఉంటే కేబుల్ టీవీ తీగ పీకి చూడండి, ఎర్తింగు చూపించండి. ఉప్పు నేల ఎర్తు గొట్టాన్ని నిదానంగా తినేస్తుంది. ఆంప్లిఫయరు డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందంటే ముందు పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ని.

కరెంటు ఠపీమని పోయినప్పుడు చెడేది కార్డు. అంతా సరిగా పలుకుతున్న రోజునే దానికి నకలు తీసి దాచండి, పెట్టెకు చిన్న యూపీఎస్ పెట్టండి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమవాళ్ళకు ఇంట్లో బ్యాటరీ ఎందుకుండాలో ఒకరు చెప్పనక్కర్లేదు.

లీనియర్ సప్లైకి వేలు పోయాలనుకుంటున్నవాళ్ళకు నాదొక్కటే మనవి. డబ్బు కట్టేముందు, చెరువుల మీద ఏరేటర్లు తిరిగే వేళ, మీ ప్లగ్గులో ఒకసారి మీటరు పెట్టి చూడండి.