తప్పు దిద్దినవారి తప్పు

మా వంటలో ఉప్పు తగ్గినదని ఎవరేని అన్నచో మేము నొచ్చుకొనము, మరునాడు సరిచూచుకొందుము. కాని పొరుగింటి విందులో ఉప్పు తగ్గినదని మేము పలికిన మాటను, "అది కాదు, మీ నాలుకయే చెడినది" అని ఎవరేని త్రోసిపుచ్చినచో, సోదరీమణులారా, ఆ రాత్రి మాకు నిదుర పట్టదు. ఈ గుణము మాలో నున్నదని మాకు 2023వ సంవత్సరమునకు పూర్వము తెలియదు. ఆ యేట బలగం అను చలనచిత్రమును గూర్చి ఒక మాసపత్రికకు రెండు పుటల వ్యాసము వ్రాసి తెలిసికొంటిమి.

ఆ చిత్రము 2023 మార్చి 3వ తేదీన విడుదలైనది. దర్శకులు వేణు యెల్దండిగారు మన సిరిసిల్ల ప్రాంతమువారు. కథ మీరెరుగనిది కాదు. కొమురయ్య యను వృద్ధుడు గతించును. 3వ నాడు పిట్టకు పెట్టిన కూడు కాకి ముట్టదు. 5వ నాడును ముట్టదు. ఊరెల్ల కలవరపడును. విచారింపగా ఆ ముసలివాని కొడుకునకును అల్లునకును 20 సంవత్సరములుగా మాటలు లేవు. కారణ మేమనగా, భోజనపు బంతిలో నల్లిబొక్క విషయమున జరిగిన అవమానము! తుదకు కొమురయ్య బ్రతుకునే పాటగా కట్టి పాడగా విని అందరి గుండెలు కరగును, కాకి వాలును.

ఆ యెండకాలమున పల్లెలలో కూడళ్ల యందు తెరలు కట్టి ఊరివారెల్లరు కలిసి ఈ చిత్రమును చూచిరి. మేమును జమ్మికుంటకు దాపుననున్న మా బంధువుల యూరిలో, పంచాయతి కచేరి యెదుట చాపలు పరచుకొని చూచితిమి. పత్తి యేరి యేరి వ్రేళ్లు గీరుకొనిపోయిన ఆడువారు కొంగులు నోట కుక్కుకొని యేడ్చిరి. మేమును ఏడ్చితిమి. చిత్రము చూచి విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయిరని పత్రికలలో కూడ చదివితిమి.

ఏడ్చి యింటికి వచ్చి, కన్నులు తుడుచుకొని, విమర్శ వ్రాసితిమి. ఇద్దరు మగవారు ఎముక కొరకు పంతములు పోగా పుట్టినిల్లు పోగొట్టుకొన్నది లక్ష్మి. 20 సంవత్సరములు ఆమె పుట్టింటి గడప త్రొక్కలేదు. అల్లుని అలుకకును కొడుకు పౌరుషమునకును దొరికినంత చోటు ఈ చిత్రమున ఆమె మనస్సునకు దొరకలేదని మా అభియోగము. బావయు బావమరదియు కౌగిలించుకొనగానే అంతయు చక్కబడినట్లు కథ ముగిసెను గాని, ఆ 20 సంవత్సరములకు ఆమెకు లెక్క చెప్పినవారెవ్వరని అడిగితిమి. దోషములే చెప్పిరనిపించుకొనకుండ, చివరి పాటను గూర్చి ఒక పొగడ్త వాక్యమును కూడ చేర్చితిమి: ఒగ్గుకథ చెప్పు వేషములు ధరించిన ఆ నటులిరువురు మిక్కిలి సహజముగ పాడిరని. ఈ వాక్యమును మీరు కొంచెము గుర్తుంచుకొనవలెను.

పత్రిక వెలువడిన నెలకు సంపాదకురాలు మాకొక ఉత్తరముల కట్టను పంపిరి. వ్యాసము వ్రాసినవారికి ఉత్తరములు వచ్చుట గౌరవమని యెంచి మురియుచు విప్పితిమి. "మీ కన్నులలో నీరున్నదా, సిరా యున్నదా?" అని యొకరు. "పుస్తకములు చదివిన వారికి పల్లె యేమి తెలియును?" అని యింకొకరు. నల్లిబొక్క తినని యింటివారికి నల్లిబొక్క విలువ యెట్లు తెలియునని వేరొకరు మా కులగోత్రముల వరకు పోయిరి. అందరికంటె మమ్ము తికమక పెట్టినది హుజూరాబాదు సోదరి యొకరి లేఖ. ఎన్నో దశాబ్దములు తెలుగు చిత్రములలో మన యాస దుష్టుల నోటను, హాస్యగాండ్ర నోటను మాత్రమే వినబడినది. నేటికి మన యింటి మాట మన యింటి దుఃఖమును చెప్పుటకు తెరకెక్కినది. దానిని మనవారే తూలనాడుట తగునా యని ఆమె ప్రశ్న. ఈ మాట నిజము. నిజమైన మాటకు జవాబు దొరకనప్పుడు కోపము వచ్చును. మాకును వచ్చెను.

మేము మా నాయనగారి యొద్ద ఇంటనే చదువుకొంటిమి. కావ్యము లారంభించునపుడెల్ల ఇష్టదేవతాస్తుతి యైన పిమ్మట సుకవిస్తుతి, ఆ వెనుక కుకవినింద వచ్చును. అది యొక ఆచారమనియు, పెండ్లిలో తలంబ్రాల వంటి దనియు మేము బాల్యమున తలచితిమి. భవభూతి అంతటివాడు కూడ మాలతీమాధవ ప్రస్తావనయందు తన్ను తేలికచేయువారిని పనిగట్టుకొని తలచుకొనెను గదా, అంతటి వానికి అదేమి చింతయని ఆశ్చర్యపడుచుంటిమి. ఉత్తరముల కట్ట విప్పిన నాటి రాత్రి ఆ కుకవినిందలన్నియు మాకు క్రొత్తగా అర్థమైనవి. పాప మా మహానుభావులకు ఎంత మండినదో!

కనుక మేమును ఒక కుకవినింద వ్రాయ గూర్చుంటిమి. నాలుగు పుటలు వచ్చినది. రసమెట్టిదో, ఔచిత్యమెట్టిదో చెప్పితిమి; కన్నీరు కార్చుట వేరు, గుణదోషము లరయుట వేరని చెప్పితిమి; అమరకోశమున పండితునకు చెప్పిన పేర్లలో దోషజ్ఞుడనునది యొకటి గనుక, దోషము నెరుగుటయే పాండిత్యమని కూడ సాధించితిమి. అది చదివికొని మాకు మేమే మెచ్చుకొంటిమి.

ఆ కట్టలో అడుగున ఒక నోటుపుస్తకపు కాగితము మిగిలియుండెను. పదవ తరగతి చదువు బాలిక తన నాయనమ్మ చెప్పగా వ్రాసినది. "అమ్మా, మీరు ఒగ్గుకథ అని రాసిన్రు. అది ఒగ్గు కాదు. ఒగ్గోళ్లు వేరు, మేము వేరు. మేము బుడగ జంగాలోళ్లం. పాడినోళ్లు వేషం ఎయ్యలే, వాళ్లు పాడుకొని బతికేటోళ్లే. మా పేరు మాకు పెట్టుండ్రి" అని మాత్రమే యున్నది. మేము దానిని చదివి, ఆ చిన్న కాగితముననే ఐదు అక్షరదోషములు కనిపెట్టి, మా వారి బల్లమీది ఎర్రసిరా కలముతో గీతలు గీచితిమి. ఇట్టివారా మాకు బుద్ధి చెప్పునది యని ఆ కాగితమును మా వారికి చూపితిమి.

మా వారు బడిపంతులు. దినమునకు నూరు కాగితములు దిద్దు అలవాటున దానిని కూడ శ్రద్ధగా చూచిరి. "ఐదును సరిగానే దిద్దితివి" అనిరి. తరువాత, "మరి ఆ పిల్ల దిద్దిన తప్పు మాట యేమి? దానికి నీకు మార్కులు తగ్గింపవలదా?" అనిరి. ఇంతకంటె నొక్కమాట అనలేదు. లేచి స్నానమునకు పోయిరి.

మేము విచారించితిమి. ఒగ్గుకథ చెప్పువారు ఒగ్గు అను డమరుకమును వాయించుచు మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పుదురు. బుడగ జంగముల సంప్రదాయము వేరు. బలగం చివర పాడినవారు వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. ఊరూర తిరిగి పాడి బ్రతికిన వారు. తెరపై వారు వారుగానే కనబడిరి. ఏ పాట విని మేము ఏడ్చితిమో ఆ పాట పాడిన వారి పేరు గాని, వారి విద్య పేరు గాని అడిగి తెలిసికొనవలెనని మాకు తోచలేదు. లక్ష్మి మనస్సును ఎవరు నడుగలేదని చిత్రముపై నేరము మోపిన వ్యాసమందే ఈ పని చేసితిమి. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కాలధర్మము నొందిరి. నాటి పత్రికలో ఆ వార్త చదివినపుడు మా వాక్యము మరల జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగినది.

నాలుగు పుటల జవాబును పంపలేదు. ఎనిమిది పంక్తుల సవరణ పంపితిమి. సంపాదకురాలు దానిని ఊరగాయల ప్రకటన క్రింద అచ్చువేసిరి. ఇక శాంతించునని తలచితిమి గాని, అప్పుడు వచ్చినది అసలు చిక్కు. "ఒక తప్పు ఒప్పుకొన్నారు, మిగిలినది కూడ ఒప్పుకొనుడు" అని ముగ్గురు వ్రాసిరి. వారితో మేము ఏకీభవింపలేదు. పేరు తప్పుగా వ్రాసితిమి. లక్ష్మి మాట తప్పు కాదు. రెండును ఒకే వ్యాసములో నున్నంత మాత్రమున ఒకే త్రాసున తూగవు. హుజూరాబాదు సోదరికి మాత్రము మేము స్వయముగ ఉత్తరము వ్రాసితిమి: మన యాస తెరకెక్కినందుకు మాకును గర్వమే, కాని మన బిడ్డ పలకపై తప్పు కనబడినచో మనది గదా యని చెరపకుందుమా? ఆమె జవాబీయలేదు. 2025 ఆగస్టులో ఈ చిత్రములోని ఊరు పల్లెటూరు అను పాటకు గాను కాసర్ల శ్యామ్ గారికి ఉత్తమ గేయరచయితగా జాతీయ పురస్కారము ప్రకటింపబడిన నాడు ఆమె యొద్దనుండి ఒక కార్డు వచ్చినది. "ఇప్పుడేమందురు?" అని ఒక్క ముక్క. మేము మిఠాయి తినుచు ఆ కార్డు చదివితిమి. పాట బాగుండుటకును లక్ష్మి మాటకును సంబంధమేమో నేటికిని మాకు బోధపడలేదు.

కోపము మాకే గాదు, పెద్దలకును తప్పలేదు. మా పొరుగు వరంగల్లువారైన సందీప్ రెడ్డి వంగాగారు 2017లో అర్జున్ రెడ్డి తీసిరి. దానినే హిందీలో కబీర్ సింగ్ అని 2019లో తీసిరి. ప్రేమ పేర స్త్రీపై చేయి చేసికొనుటను ప్రశ్నించిన విమర్శకులపై ఆయన ఆ యేట ఒక సంభాషణమున కినిసి పలికిన మాటలు దేశమంతట చర్చకు వచ్చినవి. ఆనాడు మేము ఆ మాటలు విని చెవులు మూసికొంటిమి. మా నాలుగు పుటలను మరల చదివికొన్నప్పుడు మాత్రము, ఆయన కోపమునకును మా కోపమునకును సంస్కృతసమాసములే భేదమని తోచినది. అరవ నిర్మాతలు మరియొక మార్గము పట్టిరి. చిత్రము విడుదలైన మొదటి 3 దినములు ఎవ్వరును సమీక్షింపరాదని ఆజ్ఞ యిండని న్యాయస్థానమున కెక్కిరి. 2024 డిసెంబరులో మద్రాసు హైకోర్టు అట్టి తాత్కాలిక నిషేధమునకు సమ్మతింపలేదు. 3 దినములు నోరు కట్టివేసినచో 4వ నాడు ఇంకను గట్టిగ అరతురని ఆ నిర్మాతలకు ఇంటి ఆడువారు ఎవరు చెప్పలేదు కాబోలు.

ఇరుదరులను చూచినవారు ముళ్లపూడి వెంకటరమణగారు. ఆంధ్రపత్రికలో నుండి ఇతరుల చిత్రములను సమీక్షించి, చిత్రలోకమునంతను విక్రమార్కుని మార్కు సింహాసనమున వెక్కిరించిన ఆ కలమే తరువాత చిత్రములకు సంభాషణలు వ్రాయ మొదలిడెను. 1962లో వచ్చిన రక్తసంబంధము అరవ పాశమలర్ ననుసరించినది, ఆసాంతము కన్నీరే. నవ్వించువాడని పేరుపడ్డవాడు ఏడ్పించు చిత్రము వ్రాసెను! పిమ్మట బాపుగారితో కలిసి 1967లో సాక్షి, 1975లో ముత్యాలముగ్గు. తన వృద్ధాప్యమున వ్రాసికొన్న కోతికొమ్మచ్చిలో ఆయన ఎవ్వరికంటెను తన్నే యెక్కువ ఆట పట్టించుకొనెను. కొడవటిగంటి కుటుంబరావుగారి తీరు వేరు. చిత్రనిర్మాతలైన విజయావారి చందమామలో 1952 నుండి కొలువు చేయుచునే దశాబ్దముల పాటు చిత్రవిమర్శ వ్రాసిరి. యజమాను లేమందురో యని కలము ఆపినవారు కారు. మాకు కుటుంబరావుగారి ధైర్యము లేదు, రమణగారి నవ్వు అంతకన్న లేదు. ఒక యెర్రసిరా కలము మాత్ర మున్నది, అదియును మా వారిది.

ఒక విమర్శ చెప్పకుండ ఇది ముగింపరాదు. అది ఉత్తరముగా రాలేదు. మా ఆడుబిడ్డ ఫోనులో అన్నది.

ఆమె 6 సంవత్సరములుగా మా యింటికి రాలేదు. ఒడిబియ్యము పోయునప్పుడు జరిగిన యొక మాటపట్టింపు. తప్పెవరిదో యిచ్చట చెప్పము. చెప్పినచో మా వైపు నుండియే చెప్పుదుము గదా. మా వ్యాసము చదివి ఆమె చాల దినములు ఊరకుండి, ఒకనాడు ఫోను చేసినది. "వదినా, లక్ష్మి గురించి మంచిగ రాసినవు. అన్ని దినాలు ఆమెను ఎవరడిగిన్రు అని రాసినవు. మరి నన్నెవరడిగిన్రు?" అన్నది.

ఇన్ని ఉత్తరములకు ఇన్ని విధముల జవాబులు వెదకిన మాకు ఆ ప్రశ్నకు జవాబు తోచలేదు. ఫోను పట్టుకొని కొంతసేపు నిలుచుంటిమి. అవతల ఆమెయును పెట్టివేయలేదు. బతుకమ్మకు రమ్మంటిమి. మీ అన్నగారు స్టేషనుకు వచ్చి తీసికొనివత్తురని కూడ అంటిమి. ఆయన నింకను అడుగనే లేదు.

"చూస్త" అన్నది.