మైకు ఆపమన్న మామ్మ



పోయిన నెల పాలకొండ వైపు నుంచి ఒక సోదరుడు కార్డు రాశాడు. "అయ్యగారూ, ఇంకా ఎవరికి చెప్పాలండీ సువార్త? పొద్దున్న లేస్తే ఫోనులో ప్రసంగాలే. వినని చెవి ఒక్కటైనా మిగిలిందా?" అని. ఆ కార్డు వారం రోజులు నా బల్ల మీదే పడుంది. జవాబు తోచక కాదు, చురుక్కుమని తగిలి.

ఎందుకు తగిలిందంటే, చాలా ఏళ్ళ కిందట నాగావళి అవతల ఒక ఊరికి నలుగురం సువార్తకని వెళ్ళాం. ఆటో మీద మైకు కట్టాం. పొలాల నుంచి జనం తిరిగొచ్చే వేళ. నేను గొంతు సవరించుకుని పది నిమిషాలు అయిందో లేదో, ఎదురింటి అరుగు మీద నుంచి ఒక మామ్మ లేచి వచ్చింది. చేతిలో చోళ్ళు చెరుగుతున్న చేట. "బాబూ, మా గుంటడు జొరంతో ఇప్పుడే తొంగున్నాడు. ఆ మైకు ఆపీసి, సెప్పేదేటో ఇలాగొచ్చి కూకోని సెప్పండి" అంది. మాలో ఒకడికి కోపం వచ్చింది. నాకూ వచ్చిందనుకోండి, ఒప్పుకోవాలిగా. మైకు ఆపి అరుగెక్కాం. "మీ దేముడు జొరాలు సూత్తాడా?" అని అడిగిందావిడ, చేట ఆపకుండానే. నేను బట్టీ పట్టుకెళ్ళిన ప్రసంగంలో ఆ ప్రశ్నకి చోటే లేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. మేం చెప్పింది కొంచెం, విన్నది ఎక్కువ.

మన ప్రాంతంలో ఈ పని మొదలుపెట్టినవాళ్ళకి మైకు లేదు సరే, ముందు మాటే లేదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరేనాటికి వాళ్ళకి తెలుగు రాదు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి తోడయ్యాక అనువాదం కదిలింది. 1809లో క్రాన్ మన శ్రీకాకుళంలోనే కన్నుమూశాడు. మరుసటి ఏడు డెగ్రాంజెస్ కూడా వెళ్ళిపోయాడు. మూడు సువార్తలు సెరంపూరులో అచ్చయింది 1812లో. అంటే ఆ అచ్చు కాగితం వాళ్ళిద్దరూ కళ్ళతో చూడలేదు. నెల తిరక్కుండా ఎన్ని బాప్తిస్మాలని లెక్క అడిగే మన కమిటీలు ఆ రోజుల్లో ఉంటే ఆ మిషను ఎప్పుడో మూతపడేది!

ఆ తర్వాతి కథ నాకు మరీ ఇష్టం. పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారిది బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం. ఆయన మనసు తిప్పింది ఒక చిన్న కరపత్రం. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. 1890లో పోయేలోగా నూటికి పైగా కీర్తనలు రాశారు. దొరల పాటలకి తెలుగు మాటలు అతికించే పని పెట్టుకోలేదాయన. మన రాగం, మన తాళం పట్టుకుని రాశారు. అందుకే చదువురాని అవ్వలు కూడా పుస్తకం ముట్టకుండా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు చరణాలకి చరణాలు పాడేస్తారు. ఆ కరపత్రం అచ్చువేసినవాడికి ఈ సంగతి తెలిసి ఉంటుందా?

1870ల చివర్లో బొబ్బిలి, శ్రీకాకుళం చేరిన కెనడా బాప్టిస్టుల దగ్గర బైబిలు స్త్రీలని ఉండేవారు. మగ బోధకుడికి గుమ్మం దాటే వీల్లేని ఇళ్ళలో వీళ్ళు చాప మీద కూర్చుని కబురు చెప్పేవారు. దొరల పేర్లు రికార్డులకెక్కాయి, వీళ్ళలో చాలామంది పేర్లు ఎక్కలేదు. నాకది ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టేసినప్పుడు మా సంఘం కుర్రాళ్ళు మంచినీళ్ళ డబ్బాలు మోశారు. బియ్యం మూటల్లో కరపత్రాలు పెడదామని ఒకాయన అన్నాడు. వద్దన్నాను. ఆకలి మీద బేరం పెట్టినట్టుంటుంది. అడిగినవాళ్ళకి చెబుదాం, అడిగేదాకా నీళ్ళు మోద్దాం అన్నాను. కొందరికి నా మాట రుచించలేదు, ఇప్పటికీ రుచించదు.

కాబట్టి పాలకొండ సోదరా, ఫోను చెప్పేది చెబుతుంది. గుంటడికి జొరం తగ్గిందా అని అడగదు. మీ వీధిలో ఆ గుమ్మం ఏదో మీకే తెలియాలి.

ఆ ఊరికి నిరుడు మళ్ళీ వెళ్ళాను, మైకు లేకుండా. మామ్మ పోయిందట. అరుగు కొట్టేసి సిమెంటు మెట్లు కట్టారు. లోపలి నుంచి వచ్చిన మీసాల కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "మా మామ్మ సెప్తే మైకు ఆపినోరు మీరేనేటండి?" అంటూ కుర్చీ వేశాడు.

ఉంటాను. పై నెల మళ్ళీ రాస్తాను.

మీ
సంపాదకుడు