డాగ్ కాన్యన్‌లో రెండు రాత్రులు

నాయన పోయిన ఏడు నెలలకు అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఇద్దత్ గడువు ముగిసి, వీసా పనులు పూర్తయి, సెప్టెంబరులో డల్లాస్ విమానాశ్రయంలో దిగింది. ఆమె పెట్టెలో సగానికి పైగా ఒక దూది రజాయి ఆక్రమించి ఉంది. ఇక్కడ దుప్పట్లకు కొదవ లేదని ముందే చెప్పి ఉన్నాము. ఆమె వినలేదు. ఆ రజాయి నాయన స్వయంగా దూది ఏకి, కుట్టి ఇచ్చినది. ప్రొద్దుటూరులో నలభై ఏళ్లపాటు నాయన చేసిన వృత్తి అదే.

మేము ఇరువురమూ ఆమెను అమ్మ అనే పిలుస్తాము గానీ, ఆమె మాలో ఒకరికి కన్నతల్లి, మరొకరికి మేనత్త. అందువల్ల ఆమె మౌనం మా ఇద్దరికీ సమానంగానే బరువైంది. నమాజు, తస్బీహ్, వంటగదిలో కాస్త పని, ఆపైన కిటికీ దగ్గర కుర్చీ. పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడేది. మాతో అవసరం మేరకే. రాత్రులు నిద్ర పోయేది కాదు. తెల్లవారుజామున మేము లేచేసరికి ఆమె అప్పటికే కూర్చొని ఉండేది.

ఆ మౌనానికి కారణం మాకు తెలుసునని అనుకున్నాము. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఫజ్ర్ వేళ నాయన కన్నుమూశాడు. డల్లాస్‌లో అది ముందురోజు సాయంత్రం. ఫోన్లో అన్నను బతిమాలాము: ఒక్క రెండు రోజులు ఆపండి, ఫ్రీజర్ పెట్టె తెప్పించండి, ముఖం చూసుకొంటాము అని. చూస్తానన్నాడు. రెండు గంటల తరువాత ఫోన్ చేసి, జుహర్ తరువాత జనాజా అని, ఇక ఆపలేమని చెప్పాడు. మేము ఊరు చేరినది మూడవనాడు. సమాధిపై చల్లిన నీళ్లు ఆరి మట్టి నెర్రెలిచ్చి ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో అన్నను అనరాని మాటలు అన్నాము. అతడు తలవంచుకొని విన్నాడు, బదులు పలకలేదు. ఆ మౌనాన్ని మేము తప్పు ఒప్పుకోవడంగా భావించాము. అప్పటినుండి మాకూ అతనికీ మధ్య మాటలు అమ్మ ద్వారానే నడుస్తూ వచ్చాయి. ఖననం త్వరగా జరపాలన్నది ధర్మమని మాకు తెలియక కాదు. తెలిసి కూడా మనసు ఒప్పుకోలేదు, అంతే.

అక్టోబరు చివరి వారంలో పిల్లలకు బడి సెలవు కలిసివచ్చింది. జనం లేని చోటికి వెళదామని అమ్మాయి పట్టుబట్టింది. అమ్మను గుడారంలో పడుకోబెట్టడమేమిటని మేము సందేహించాము. అమ్మ మాత్రం, "మిద్దె మీద పండుకొన్నదాన్ని నాకేం కొత్త?" అన్నది. నెల రోజుల్లో ఆమె అన్న పొడుగాటి మాట అదే.

టెక్సాస్ రాష్ట్రపు పశ్చిమ కొసన, న్యూ మెక్సికో సరిహద్దును ఆనుకొని గ్వాదలూపె పర్వతాల జాతీయ ఉద్యానవనం ఉంది. 1972లో ఏర్పడింది. టెక్సాస్ మొత్తానికీ ఎత్తైన శిఖరం, 8,751 అడుగుల గ్వాదలూపె శిఖరం, అందులోనిదే. చుట్టూ చివావా ఎడారి. సందర్శకులలో అధికులు దక్షిణం వైపు హైవే పక్కన ఉన్న పైన్ స్ప్రింగ్స్‌కు వస్తారు. మేము వెళ్లిన డాగ్ కాన్యన్ ఉత్తరపు అంచున, దాదాపు 6,300 అడుగుల ఎత్తున, కొండల మడతలో దాగి ఉంది. అక్కడికి చేరాలంటే న్యూ మెక్సికోలోకి వెళ్లి, కార్ల్స్‌బాడ్ పట్టణం దాటి, 137వ నంబరు రోడ్డు పట్టుకొని మళ్లీ టెక్సాస్‌లోకి దిగాలి. కార్ల్స్‌బాడ్ నుండి 70 మైళ్లు. ఆ రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. గుడారాలకు తొమ్మిది స్థలాలు, బండి ఇళ్లకు నాలుగు. మేము ఉన్న రెండు రాత్రులూ మేము కాక మరి రెండు కుటుంబాలే ఉన్నాయి.

గ్వాదలూపె అన్న పేరు గురించి ఒక మాట. ఇది స్పెయిన్ నుండి వచ్చిన పేరు. దాని మొదటి భాగం అరబ్బీ "వాదీ", అంటే లోయ. స్పెయిన్‌లోని గ్వాదల్‌కివిర్ నది అసలు పేరు వాదీ అల్ కబీర్. ఆండలూసియా ముస్లింలు వదిలివచ్చిన ఒక చిన్న పదం సముద్రం దాటి ఈ ఎడారి కొండకు అతుక్కొని ఉండటం చూసి అబ్బాయి ముచ్చటపడ్డాడు. దారి పొడుగునా ఆ పదాన్నే రాగం తీస్తూ ఉన్నాడు.

ఫజ్ర్ చేసుకొని బయలుదేరినవాళ్లం సాయంత్రానికి గానీ చేరలేదు. 285వ హైవే మీద నూనె బావుల లారీలు బారులు తీరి ఉన్నాయి. 137లోకి మలుపు తిరిగాక మరొక లోకం. కొంతసేపటికి ఫోన్లు మూగబోయాయి. దారి పక్క మొక్కలను చూస్తున్న అమ్మ హఠాత్తుగా, "అది కిత్తనార కదా?" అన్నది. అవును. నాగజెముడు కూడా ఉంది. మన రాయలసీమ చేల గట్లపై పుట్టిపెరిగినట్లుండే ఈ రెండూ నిజానికి అమెరికా ఖండపు మొక్కలు. తెల్లవారి ఓడల్లో మన దేశానికి వచ్చాయి. ఈ కొండల్లో బతికిన మెస్కలేరో అపాచీలు కిత్తనార దుంపను గుంటల్లో కాల్చి తినేవారు. వారికి ఆ పేరు వచ్చినదే ఆ మొక్క వల్ల. అమ్మ ఇదంతా విని, "నార తీసి తాళ్లు పేనేవాళ్లం, తినొచ్చునని తెలియదే!" అన్నది.

గుడారం వేయడంలో మా ప్రావీణ్యం గురించి ఎంత తక్కువ చెప్పుకొంటే అంత మంచిది. మేకులు ఉన్న సంచి డల్లాస్‌లో గ్యారేజీలోనే ఉండిపోయింది. పక్క స్థలంలోని వృద్ధ దంపతులు తమ వద్ద మిగిలిన మేకులు ఇచ్చారు. మిగతా చోట్ల రాళ్లు పెట్టాము. చెంబు మాత్రం అమ్మ మరువలేదు.

ఆ ఉద్యానవనంలో కట్టెలు, బొగ్గులు కాల్చడం నిషిద్ధం. గాలి ఉధృతం, అడవి పొడి. ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాసు పొయ్యి ఒక్కటే అనుమతి. అందువల్ల గుడారాల విహారం అనగానే అందరూ ఊహించుకొనే నెగడు మాకు లేదు. మొదట అది లోటుగానే తోచింది. కానీ మంట లేనప్పుడు కన్ను చీకటికి అలవాటుపడుతుంది. అరగంటలో నక్షత్రాల వెలుగులోనే ఒకరి ముఖం ఒకరికి ఆనవాలు తెలిసింది. పాలపుంత ఈ కొండ నుండి ఆ కొండకు పరచిన తెల్లని దూదిలా ఉంది. ఆ పోలిక మాది కాదు, అమ్మది.

మొదటి రాత్రి ఇషాకు అమ్మ అలవాటు కొద్దీ పడమటికి తిరిగి నిలబడింది. మన ఊళ్లో ఖిబ్లా పడమర. ఇక్కడ ఈశాన్యం. అమ్మాయి ఆమెను మెల్లగా తిప్పి, ధ్రువ నక్షత్రాన్ని చూపించి, దానికి కుడివైపుకు అన్నది. అమ్మ ఆ నక్షత్రాన్ని చాలాసేపు చూసింది. "ఇంత మీద ఉందేమి? మనకాడ కిందికి కదా ఉండేది?" అని అడిగింది. ఎనిమిదేళ్లు కళాశాలల్లో చదివిన మేము ఎన్నడూ గమనించని విషయమది. ధ్రువ నక్షత్రం ఏ ఊళ్లో ఎంత ఎత్తున కనబడుతుందో ఆ ఊరి అక్షాంశం ఇంచుమించు అంతే. ప్రొద్దుటూరులో అది నేలకు పదిహేను డిగ్రీల ఎత్తున ఉంటుంది. డాగ్ కాన్యన్‌లో ముప్పైరెండు. మిద్దె మీద పరుపు వేసి ఆమెకు ఆ నక్షత్రాన్ని చూపించినది నాయనేనట.

మరునాడు ఉదయం వుజూకు కుళాయి నీళ్లు ఎముకలు కొరికాయి. తయమ్ముమ్‌కు వీలుంటుందేమోనని అబ్బాయి ఆశగా అడిగాడు. నీళ్లు ఉండగా, వేడి చేసుకొనే పొయ్యి ఉండగా అదెట్లా కుదురుతుందని అమ్మ నవ్వింది. గ్యాసు పొయ్యి మీద గిన్నె పెట్టి అందరికీ నీళ్లు కాచి ఇచ్చింది. ఆమె నవ్వడం మేము చూసి చాలా రోజులైంది. ఆపైన తానే బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసింది. ఉల్లి తాలింపు వాసనకు లోయలోని జింకలు రాలేదు గానీ, పక్క గుడారం వృద్ధుడు వచ్చాడు. ఒక పళ్లెం ఇచ్చి పంపాము, మేకుల రుణం తీరింది.

పగలంతా నడక. పిల్లలు పెద్ద దారి పట్టారు. మేము అమ్మతో ఇండియన్ మెడో అనే పచ్చిక చుట్టూ తిరిగివచ్చాము, అర మైలుకు కాస్త ఎక్కువ. మొసలి చర్మంలా పెచ్చులు దేరిన బెరడుతో ఒక రకం జునిపర్ చెట్లు ఉన్నాయి. అక్కడక్కడా మేపుల్ ఆకులు ఎర్రబడ్డాయి. ఈ పర్వతాలు ఒకప్పుడు సముద్రపు అడుగు. 26 కోట్ల ఏళ్లకు పూర్వం స్పంజికలు, నాచు జాతులు పేరుకొని కట్టిన సున్నపు దిబ్బ కాలక్రమంలో పూడిపోయి, మళ్లీ పైకి లేచి కొండ అయింది. రాళ్లలో ఆ ప్రాణుల అచ్చులు ఉంటాయి, చూడవచ్చు, తీసుకుపోరాదు. అమ్మ ఒక రాతిపై అరచెయ్యి ఆనించి, "మన కడప బండ మాదిరే సల్లగుంది" అన్నది. ఆమె చెప్పింది నిజమే, కడప బండ కూడా సున్నపురాయే. మన బండ వయసు ఇంకా ఎక్కువ.

అక్కడి నిశ్శబ్దాన్ని గురించి చెప్పాలి. శబ్దం లేకపోవడం అని దాన్ని అనలేము. గాలి పైన్ చెట్లలో దూరాన బయలుదేరి, దగ్గరై, మనల్ని దాటిపోయే వరకూ వినబడుతుంది. ఆకు రాలినా తెలుస్తుంది. మేము మొదటిరోజు ఆ నిశ్శబ్దాన్ని ఏదో ఒక మాటతో నింపజూశాము. రెండవరోజు సాయంత్రానికి ఊరకున్నాము.

ఆ రాత్రి పిల్లలు త్వరగా పడుకొన్నారు. చలి పెరిగింది. అమ్మ కోసం కొన్న స్లీపింగ్ బ్యాగ్‌ను ఆమె ముట్టలేదు. రజాయి చుట్టుకొని కుర్చీలో కూర్చొన్నది. చాలాసేపటికి, మా వైపు చూడకుండానే అన్నది:

"పెద్దోణ్ణి ఏమీ అనుకోవద్దండి. ఆ పొద్దు ఆపొద్దని చెప్పింది నేను."

మేము మాట్లాడలేదు.

"వాడు పెట్టెకు ఫోన్ చేసినాడు. వ్యాన్‌లో తెచ్చినారు కూడా, వాకిట్లో దించినారు. దాని మూత తీసి చెయ్యి పెట్టి చూసినా. నలభై ఏండ్లు ఊరందరికీ ఎచ్చని పరుపులు కుట్టినాయన్ను ఆ ఐసులో పండబెట్టనిస్తానా? ఎనక్కి పంపించమన్నా. 'తమ్ముడొస్తాడమ్మా, అడుగుతాడు' అని వాడు ఏడ్చినాడు. నేనే ఇనలేదు."

కొంతసేపు ఆగి మళ్లీ అన్నది: "మీరు వచ్చి వాణ్ణి అంటా ఉంటే నేను చెప్పబోతి. వాడు చెయ్యి అడ్డం పెట్నాడు. రాత్రి నాతో, 'నన్ను అననీలేమ్మా, నీ మీద కోపమొస్తే వాళ్లు యాడికి పోవాల' అన్నాడు. ఇన్ని దినాలూ నా నోరు కట్టేసినాడు."

మా ఇద్దరిలో ఎవరికీ ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. ఎనిమిది నెలలు! పండుగకు అతడు పంపిన సలాముకు కూడా పొడిగా బదులిచ్చి ఊరుకొన్నాము. అతని కూతురికి పెళ్లి సంబంధం కుదిరిందని అమ్మ చెబితే, మాకు చెప్పవలసినవాడు చెప్పలేదని నొచ్చుకొన్నాము. ఏ ముఖంతో చెబుతాడు?

అప్పటికప్పుడు ఫోన్ చేయాలనిపించింది. చేతిలోని ఫోన్ గడియారానికి తప్ప దేనికీ పనికిరాదు. మెయిన్ రోడ్డుకు 57 మైళ్లు, కొండ మలుపులు, దారిలో జింకలు, ఎల్కులు అడ్డం వస్తాయి. చీకట్లో వెళ్లడం తెలివితక్కువ. తెల్లవారే వరకు కూర్చొనే ఉన్నాము. అమ్మ మాత్రం లోపలికి పోయి పడుకొని, కొన్ని నిమిషాలలోనే గుర్రుపెట్టింది. గుడారం బయటికి వినబడింది.

ఫజ్ర్ నమాజులో మాకు నాయన కంటే అన్నే ఎక్కువ గుర్తుకు వచ్చాడు. మధ్యాహ్నం దాకా ఉండవలసినవాళ్లం పొద్దు పొడవగానే గుడారం మడిచాము. అమ్మ తొందరపడలేదు. వృద్ధ దంపతుల మేకులు మట్టి దులిపి, ఎన్ని ఇచ్చారో అన్నీ లెక్కపెట్టి ఇప్పించింది. మిగిలిన బొరుగులు కూడా వారికే.

137వ రోడ్డు 285లో కలిసే చోట బండి పక్కకు తీసి ఆపాము. ఫోన్లో చుక్కలు వెలిగాయి. మాకు ఉదయం తొమ్మిదిన్నర, ప్రొద్దుటూరులో రాత్రి తొమ్మిది, దుకాణం మూసి ఇంటికి వచ్చే వేళ. పెద్ద పెద్ద లారీలు పక్కనుండి పోతూ కారును ఊపుతున్నాయి. స్పీకర్ పెట్టాము. నాలుగు సార్లు మోగింది.

"అమ్మ బాగుందా?" అన్నాడు అన్న. సలాము కూడా చెప్పకుండా, భయంతో. మేము ఫోన్ చేయడం అతనికి అపశకునమై ఉండాలి.

"అన్నా" అన్నాము. ఆ తరువాత సిద్ధం చేసుకొన్న మాటలేవీ రాలేదు. ఫోన్లో అతని ఊపిరి వినబడుతూ ఉంది. వెనుక సీటులోనుండి అమ్మ చెయ్యి చాచి ఫోన్ తీసుకొన్నది.

"చెప్పేసినాలే రా" అన్నది. "ఇంక నువ్వు మాట్లాడు."